గుట్ట మీద కానుగ

ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కు పేరు. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే ఆ పలకలు దేశాలు దాటి పోతాయి. ఊరికి మిగిలేవి లోతైన గుంతలు, వాటి పక్కన రాతిముక్కల గుట్టలు. ఆ గుట్టల్లో తేమ నిలవదు, సారం ఉండదు.

అందుకే తవ్వకానికి ముందే పైమట్టిని తీసి విడిగా దాచాలి. పని ముగిశాక గుట్ట వాలును మెట్లుగా సర్ది, ఆ మట్టి పరచాలి. మొదట గడ్డి వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి. తర్వాత కానుగ నాటాలి. దాని వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. రాలిన ఆకు కుళ్లి ఎరువవుతుంది. అప్పుడు వేప, రావి కూడా నిలదొక్కుకుంటాయి.

తవ్వకం ఆగిన గనుల్లో మళ్లీ గడ్డి పెంచి, మేతకూ మొక్కలకూ నేలను అనువుగా మార్చే షరతును లీజుల్లో చేర్చాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఆదేశించింది.