కుండ ఎవరి నెత్తిన?

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా కట్ట లేస్తున్న రోజులవి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసి వెళ్లాక నాగార్జునసాగర్ పనికి నలుదిక్కుల నుంచీ మనుషులు కదిలారు. పాలమూరు నుంచి ఒక గుంపు కూడా మూటాముల్లె కట్టుకుని బయల్దేరింది. ఆ ఏడు వానలు లేవు. చెరువులో పశువులు తాగడానికి కూడా నీళ్లు మిగల్లేదు. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే షావుకారు చేతిలో పడింది. ఇక పని చేసి తీర్చడమే.

గుంపు నది దగ్గరికి చేరేసరికి పొద్దు గూకింది. ఆ రాత్రికి బండల మీదే నడుం వాల్చారు. తెల్లారగానే పంచాయితీ మొదలైంది. గుడిసెలు ఎక్కడ వేసుకోవాలి?

ఉన్న చోట్లు రెండు. ఒకటి నది ఒడ్డు. కేకేస్తే వినపడేంత దూరంలో పని, పక్కనే నీళ్లు. కాకపోతే ముందు వచ్చిన గుంపులు అక్కడ గుడిసెకు గుడిసె ఆనించి వేసుకున్నాయి. బండలకు మందు పెట్టి పేల్చినప్పుడల్లా నేల అదిరేది, అన్నం గిన్నెలో దుమ్ము రాలేది. రెండోది గుట్ట మీద మర్రిచెట్టు నీడ. చల్లటి గాలి, మేకలకు మేత, కాళ్లు చాపుకునేంత జాగా. పని మాత్రం కోసెడు దూరం. పొద్దున దిగాలి, సాయంత్రం ఎక్కాలి.

వయసులో ఉన్నవాళ్లంతా గుట్టే అన్నారు. "దినమంతా దుమ్ములనే ఉంటం, రాత్రన్న సల్లగ పండుకోవద్దా?" అన్నాడు వాళ్లలో గట్టిగా మాట్లాడే పిల్లగాడు. పెద్దవాళ్లు ఒడ్డు అన్నారు. "మోకాళ్లు అరిగినంక తెలుస్తది గుట్ట సంగతి" అన్నాడొక ముసలాయన. పొద్దెక్కే దాకా వాదించుకున్నారు. ఇటు పదిమంది, అటు పదిమంది.

మేస్త్రి ఎవరినీ కాదనలేదు. పొయ్యి దగ్గర, సంకలో చంటిపిల్లను పెట్టుకుని కూర్చున్న ఒకామె వైపు చూశాడు.

"బిడ్డా, నువ్వేమంటవు?"

"నన్నెవరు అడిగిండ్రు కాకా?" అన్నదామె.

"నేనడుగుతున్న. ఇయ్యాల నువ్వు పనిలకు రాకు. నీ కూలి నేనిస్త. రెండు జాగలు తిరిగి చూసి, పొద్దుమీకి చెప్పు."

ఆమె ముందు ఒడ్డుకు పోయింది. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది. మందు పేలిన ప్రతిసారీ పిల్ల ఉలిక్కిపడి లేచింది. తర్వాత కుండ నింపుకుని, నెత్తికి బట్ట చుట్టుకుని, పిల్లను సంకన వేసుకుని గుట్ట ఎక్కింది. దారిలో కుండ దించి ఊపిరి తీసుకున్న ప్రతిచోటా ఒక రాయి పెట్టింది. పైకి చేరి చెట్టుకింద పిల్లను పడుకోబెడితే అది కదలకుండా నిద్రపోయింది.

సాయంత్రం గుంపంతా చేరాక ఆమె చెప్పింది. "కాకా, గుట్ట మంచిదే. పిల్లలకు నిద్ర పడుతది. నాకు కూడ గక్కడనే ఉండాలని ఉన్నది. కానీ నీళ్లు కింద ఉన్నయి. మొగోళ్లు పనికాడి నుంచి ఉత్త చేతులతోని గుట్ట ఎక్కుతరు. మేము గూడ దినమంతా రాళ్లు మోసినోళ్లమే. ఎక్కేటప్పుడు మాకు నెత్తిన కుండ, సంకన పిల్ల. కుండ దించకుంట ఎక్కేటట్టు లేదు, దించిన కాడల్ల రాయి పెట్టిన, పోయి చూడుండ్రి. మనిషికొక కుండ మొగోళ్లు తెస్తమంటే గుట్ట మీదికే పోదాం. తేమంటే ఒడ్డుకే ఉందాం."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పొద్దున గట్టిగా మాట్లాడిన పిల్లగాడు మెల్లగా అన్నాడు. "ఒడ్డు కూడ అంత చెడ్డదేం గాదు."

"గుట్ట పొద్దున ఉన్నకాడనే ఉన్నది గదరా" అన్నాడు మేస్త్రి. "కుండ ఎక్కే నెత్తి మారింది, అంతే."

పిల్లగాడు తలొంచుకున్నాడు. మాట మీద మాట పెరగకముందే మేస్త్రి తన కుండ తాను తీసుకుని నది వైపు నడిచాడు. మిగతావాళ్లు వెంట నడిచారు. గుంపు గుట్ట మీదే గుడిసెలు వేసుకుంది. మూడు రోజులు మగవాళ్లు నీళ్లు మోశారు. నాలుగో రోజు వాళ్లే మేస్త్రిని వెంటబెట్టుకుని గుత్తేదారు దగ్గరికి పోయి పీపాల బండి కావాలని అడిగారు. వారం తిరగకుండానే రెండు ఎడ్లు, రెండు పీపాలు వచ్చాయి. అంతకుముందు ఎన్నో పనుల దగ్గర ఆడవాళ్లు ఏళ్ల తరబడి మోశారు. అప్పుడు ఎవరికీ ఈ బండి తోచలేదు.

నీతి: బతుకుదెరువుకు పోయినచోట ఇల్లు చూసేటప్పుడు, ఆ ఇంటి దూరం రోజూ ఎవరి మీద పడుతుందో ముందు తేల్చుకోవాలి. మాట వాళ్లదే కావాలి. భారం మాత్రం అందరూ పంచుకోవాలి.

ఇప్పుడు పాలమూరు, నల్లగొండ బిడ్డలు కట్టలు కట్టడానికే పోవడం లేదు. సాఫ్ట్‌వేర్ కొలువుకు, ఆసుపత్రుల్లో నర్సు పనికి, క్యాబ్ నడపడానికి, బట్టల షాపులో సేల్స్‌కు హైదరాబాద్ బాట పడుతున్నారు. ఎవరి దారి వాళ్లను ఒకచోట దించుతుంది. నల్లగొండ, సూర్యాపేట నుంచి విజయవాడ రోడ్డు మీద వచ్చేవాళ్లు హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో ఆగుతారు. మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు నుంచి వచ్చేవాళ్లు షాద్‌నగర్, శంషాబాద్, ఆరాంఘర్ చుట్టూ చూసుకుంటారు. షాద్‌నగర్ 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయేదాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. అక్కడ ఇల్లు తీసుకున్నవాడు ఊరు విడిచినట్టే అనుకోడు. ఊరి బస్సు ఇంటి ముందు ఆగుతుంది, బియ్యం బస్తా దిగుతుంది, బతుకమ్మ నాడు కాలనీలో సగంమంది మన మాటే మాట్లాడతారు. ఇది చిన్న సుఖం కాదు. ఊరు నుంచి వచ్చిన అత్తమ్మకు పక్కింట్లో పలకరించే మనిషి ఉండటం ఎంత అవసరమో, ఆమెను తీసుకొచ్చి నాలుగో అంతస్తులో కూర్చోబెట్టిన ఎవరికైనా తెలుసు.

కానీ కొలువులు ఎక్కువగా నగరానికి అటు చివర, మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉన్నాయి. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చాక తూర్పు వైపు ఉన్నవాళ్లకు చాలా మేలు జరిగింది. మియాపూర్ దాకా 29 కిలోమీటర్ల ఆ మార్గంలో 27 స్టేషన్లు. అమీర్‌పేటలో దిగి రాయదుర్గం వైపు రైలు మారాలి. హయత్‌నగర్‌లో ఉన్నామె అయితే ముందు ఎల్బీనగర్ దాకా బస్సో ఆటోనో పట్టుకోవాలి, చివర్లో రాయదుర్గం నుంచి ఆఫీసుకు మరో ఆటో. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. జీతం తక్కువున్న ఇళ్లకు ఇది నిజమైన ఆసరా. అయితే బస్సు ఛార్జీ పోయిందని దూరం పోలేదు. పొద్దున ఐదింటికి లేచి బియ్యం కడిగి, టిఫిన్ డబ్బాలు కట్టి, పిల్లను స్కూల్ ఆటో ఎక్కించి, తాను బస్సెక్కే మనిషి గంటలు ఎవరి లెక్కలోకీ రావు.

ఇల్లు చూడటానికి సాధారణంగా ఎవరు పోతారు? ఇంటాయన, ఆయన స్నేహితుడు, ఒక బ్రోకర్. అదీ ఆదివారం మధ్యాహ్నం, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు. కిరాయి ఎంత, గదులెన్ని, బండి పెట్టుకోను జాగా ఉందా అని అడుగుతారు. నీళ్లు ఏ రోజు, ఏ వేళకు వస్తాయో అడగరు. ఆ వేళకు నల్లా దగ్గర నిలబడేది తాము కాదు కాబట్టి ఆ ప్రశ్న తోచదు. వనస్థలిపురం పక్కన సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు వచ్చేవి మన కృష్ణా నీళ్లే. నల్లగొండ జిల్లా అక్కంపల్లి దగ్గర తీసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, గుట్టలు ఎక్కించి పంపుతారు. మూడు దశలు కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు ఆ దారిన రావాలని కట్టారు. నది నుంచి అంత దూరం మోటార్లు మోసుకొచ్చిన నీటిని సంపు నుంచి, ట్యాంకర్ నుంచి ఇంట్లోకి చేర్చే ఆఖరి పని మాత్రం చాలా ఇళ్లలో ఇంకా ఆడవాళ్లదే.

వాన సంగతీ అంతే. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో నీళ్లు ఇళ్లల్లోకి వచ్చాయి. శివార్లలో చవకగా దొరికే ప్లాటు ఒకప్పటి చెరువు శిఖమా కాదా అని అక్కడి పాత మనుషులను అడిగితే చెబుతారు. ఆ ఒక్క మాట అడగడానికి సిగ్గుపడకూడదు.

నా మాట ఇది. చిన్న పిల్లలుండి, భార్యాభర్తలిద్దరూ ఒకే దిక్కు పనికి పోయే ఇల్లయితే, ఒక గది తగ్గినా కిరాయి పెరిగినా పని దగ్గరే ఉండటం మేలు. పిల్లకు జ్వరమొస్తే అరగంటలో ఇంటికి చేరే సుఖం మూడో బెడ్‌రూమ్‌లో దొరకదు. ఒక్కరే పనికి పోయే ఇంట్లో, ఊరి పెద్దవాళ్లు కూడా ఉన్నచోట శివారే బాగుంటుంది, పనికి పోయే మనిషి ఆ దూరాన్ని తానే మోసి, ఇంటి పనిలో కూడా చేయి వేస్తే. నల్లగొండ జిల్లాలో టీచర్ కొలువు చేస్తూ ఎల్బీనగర్‌లో కాపురముండి రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లల కాలేజీ కోసమో, భాగస్వామి కొలువు కోసమో చేసే ప్రయాణమది. తప్పు పట్టను. ఆ ఇంట్లో ఆరింటికి బస్సెక్కేది టీచరమ్మ అయితే, పొయ్యి వెలిగించేది కూడా ఆమే కాకుండా చూడమని మాత్రం అడుగుతాను. పాలమూరు వాళ్లు 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ రెండో రైలు లైనును కూడా లెక్కలో పెట్టుకోవచ్చు. రైలు వేళలు కలిసొస్తే జడ్చర్లలో, మహబూబ్‌నగర్‌లో సొంతింట్లోనే ఉండి పట్నంలో పని చేయవచ్చు. ఇల్లు మారకపోవడం కూడా ఒక నిర్ణయమే. దాన్ని కూడా అందరూ కూర్చుని తీసుకోవాలి.

జూన్‌లో బడులు తెరిచేలోపు ఎన్నో ఇళ్లు మారతాయి. మీరూ మారేవాళ్లయితే అడ్వాన్స్ ఇవ్వకముందు ఒక సోమవారం పొద్దున, ఇంట్లో ఎక్కువ తిరిగే మనిషిని ఆ కొత్త ఇంటి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లండి. బడి దాకా, బస్‌స్టాప్ దాకా, ఆఫీసు దాకా ఆమెతో కలిసి పోయి చూడండి. సాయంత్రం అదే దారిన తిరిగి రండి. అప్పుడు ఆమె వద్దంటే, కిరాయి ఎంత తక్కువైనా ఆ ఇల్లు తీసుకోకండి.