డిటెయిన్ అయితే పోయేదేమిటి?

తెనాలిలో ఎరువుల దుకాణం నడుపుకునే ఒకాయన, కూతురి చదువు సంగతి తేల్చుకోవడానికి తనకు డిగ్రీలో ఫిజిక్సు చెప్పిన మాస్టారిని పిలిపించుకున్నాడు. పిలిపించుకోవడమన్నది మాటవరసకే. రిటైరైనప్పటి నుంచీ మాస్టారు సాయంత్రమైతే ఆ దుకాణం ముందు కుర్చీలోనే ఉంటారు.

అమ్మాయి గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇ.సి.ఇ. రెండో ఏడాది. ఆగస్టులో సాయంత్రం పూట జ్వరం మొదలైంది. టైఫాయిడ్ అన్నారు, మందులు వాడారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. సెప్టెంబరు ఆఖరులో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపించింది. ఆ నీరు తీసి పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. రోజుకెన్ని మాత్రలన్నది మనిషి బరువును బట్టి ఉంటుంది. అమ్మాయి 44 కిలోలు, కాబట్టి మూడు. పొద్దున్నే ఆ మూడూ మింగితే పదకొండింటి దాకా కడుపులో వికారం, ఇడ్లీ చూస్తేనే మొహం తిప్పుకునేది. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే ఇంట్లో అందరూ హడలిపోయారు. అది మాత్రల్లోని రిఫాంపిసిన్ చేసే పనేననీ, భయం లేదనీ మందులిచ్చే ఆవిడ ఫోన్లో చెప్పేదాకా తల్లి పొయ్యి వెలిగించలేదు.

నవంబరు వచ్చేసరికి హాజరు 58 శాతం.

జెఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో ఈ లెక్క పిల్లలందరికీ కంఠతా. 75 శాతం ఉంటే పరీక్ష రాయొచ్చు. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండోనేషన్ (హాజరు లోటుకు మాఫీ) తెచ్చుకోవచ్చు. 65 దాటకపోతే డిటెన్షన్. అప్పుడు ఆ సెమిస్టర్ మళ్లీ ఎప్పుడు నడిస్తే అప్పుడు రీ-అడ్మిషన్ తీసుకుని చేరాలి. రెండో ఏడాది మొదటి సెమిస్టర్ ఏడాదికి ఒక్కసారే నడుస్తుంది. అందుకని పోయినవి నాలుగు నెలలే అయినా ఆగాల్సింది ఏడాది. చాలా ఇళ్లలో ఏడుపులు మొదలయ్యేది ఇక్కడే.

తండ్రికి ఒక దారి తోచింది. హాజరును ఎలాగో 65 దాటిస్తామని ఎవరో మాటిచ్చారు. "డిసెంబరులో పరీక్షలు రాయించేస్తాను మాస్టారూ. రెండు మూడు సబ్జెక్టులు పోతే సప్లిమెంటరీలో చూసుకుంటుంది. ఏడాది మిగులుతుంది కదా" అన్నాడు.

"ఏ ఏడాదయ్యా మిగిలేది?" అన్నారు మాస్టారు.

ఆయన ఒక నిర్ణయానికి వచ్చే కుర్చీలో కూర్చున్నారు. ఈ వ్యాసం మొగ్గు కూడా అటే, దాచుకునేదేమీ లేదు. ఆయన వాదం మొత్తం ఒక్క మాట మీద నిలబడింది: ఏడాది ఆగస్టులోనే పోయింది, జబ్బు పట్టుకుపోయింది. ఇక తండ్రి చేతిలో ఉన్నదల్లా పోయిందని ఒప్పుకోవడమా, పోనట్టు నటించడమా అన్నదొక్కటే.

"నటించడమేముంది మాస్టారూ? కష్టపడి గట్టెక్కిద్దామంటున్నాను."

"సరే. నీ దగ్గర అరువు మీద యూరియా పట్టుకెళ్లిన రైతున్నాడు. పంట పోయింది. వచ్చే కారుకి తీరుస్తానని నీకు చెప్పి వాయిదా అడిగాడు. ఇంకొకడు నీ దగ్గర మాటపడడం ఇష్టంలేక బయట నూటికి మూడు వడ్డీకి తెచ్చి నీ బాకీ ఆ నెలే కట్టేశాడు. ఇద్దరిలో ఎవడు బాగుపడతాడు?"

"మొదటివాడే. రెండోవాడు మునిగినట్టే లెక్క" అని తండ్రి ఠక్కున ఒప్పేసుకున్నాడు. తన వ్యాపారంలోంచే అడిగేసరికి ఆలోచించుకునే వ్యవధి లేకపోయింది. వ్యవధి ఉంటే, చదువు యూరియా కాదనీ, బయట వడ్డీకి తెచ్చి కూడా తీర్చేసినవాళ్లు ఉన్నారనీ అని ఉండేవాడు.

మాస్టారు ఆ పట్టు వదల్లేదు. ఈ సెమిస్టర్‌లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఉంది. ఫోరియర్, లాప్లాస్ అందులోనే నేర్చుకోవాలి. అవి రాకుండా మూడో ఏడాదిలో డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో కూర్చుంటే బోర్డు మీద ఏం జరుగుతోందో తెలియదు. కంఠతా పట్టి 40 మార్కులు తెచ్చుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. కానీ సప్లీ రాసే నెలలోనే తర్వాతి సెమిస్టర్ మిడ్ పరీక్షలూ వస్తాయి. పొద్దున మాత్రలు మింగి పదకొండింటి దాకా కళ్లు తిరిగే పిల్ల రెండు సెమిస్టర్ల చదువు ఒకేసారి మొయ్యాలి. పైగా ఆ మందులు మధ్యలో మానితే క్రిమి మందుకు లొంగకుండా పోయే ప్రమాదముంది. ప్రభుత్వమే 2018 నుంచి టీబీ రోగికి వైద్యం నడిచినన్నాళ్లూ తిండి కోసం నెలకు 500 ఇస్తూ వచ్చింది, 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది. "ఈ రోగికి మందొక్కటే చాలదని సర్కారుకే తెలిసింది. నీకు తెలియదా?" అన్నారు.

తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు బాధ బయటపెట్టాడు.

"జూనియర్ల పక్కన కూర్చోవాలి మాస్టారూ. మొన్నటిదాకా అక్కా అక్కా అన్న పిల్లలు. దాని ఫ్రెండ్సు ఫైనల్ ఇయర్‌లో ఉద్యోగాలు కొట్టి మిఠాయిలు పంచుతుంటే ఇది థర్డ్ ఇయర్ ల్యాబ్ రికార్డులు రాసుకుంటూ ఉండాలి. పిల్ల తట్టుకోగలదా?"

"మీ బావమరిది కొడుకు నీట్‌కి ఎన్నేళ్లు లాంగ్‌టర్మ్ చేశాడు?"

"రెండు."

"రెండేళ్లు! లక్షలు పోసి, హాస్టల్లో పెట్టి చదివించారు. వాడికి రెండేళ్లు దండగైపోయాయని ఎవరన్నా అన్నారా? సీటొచ్చిన రోజు భోజనాలు పెట్టారు, నేనూ తిన్నాను. వాడి క్లాసులో వాడికంటే రెండేళ్లు చిన్నవాళ్లుంటారు. ఎవరికైనా పట్టిందా?"

"అది వేరు. అక్కడ పైకెక్కడానికి ఆగాడు. ఇది ఫెయిలైనట్టుంటుంది."

ఈ ఒక్క మాట దగ్గర తండ్రి గట్టిగానే నిలబడ్డాడు. ఆయన చెప్పిన తేడా లోకంలో ఉన్నదే. కోరి ఆగిన ఏడాదిని పెట్టుబడి అంటారు, కోరకుండా ఆగిన ఏడాదిని మచ్చ అంటారు. మాస్టారు దీన్ని తిరగేశారు. కోరి ఆగినవాడు ఫలితానికి తనే బాధ్యుడు, సీటు రాకపోతే తప్పు వాడిది. కోరకుండా జబ్బుపడిన పిల్లకు ఇందులో బాధ్యతే లేదు. బాధ్యత ఉన్నవాడికి మర్యాద, లేనిదానికి సిగ్గు! ఇదెక్కడి న్యాయం?

"న్యాయం కాదు మాస్టారూ, లోకం."

"లోకమంటే ఎవరో చెప్పు. పేర్లతో చెప్పు."

తండ్రి వేళ్లు మడవడం మొదలెట్టాడు. పెద్దక్క. ఎదుటి షాపు ఆసామి. రేపు సంబంధానికొచ్చేవాళ్లు. నాలుగో వేలు మడుద్దామంటే ఎవరూ గుర్తురాలేదు. సంబంధానికొచ్చేవాళ్లు డిగ్రీ ఏ ఏడాదిలో పూర్తయిందో చూడరనీ, కట్నం చూస్తారనీ మాస్టారు ఆ వేలు విప్పేశారు. అది నిజమే అయినా మర్యాదైన జవాబు కాదు.

ఉద్యోగాల మాట వచ్చినప్పుడు మాత్రం మాస్టారు నిలకడగా మాట్లాడారు. క్యాంపస్‌కొచ్చే పెద్ద ఐటీ కంపెనీల నోటీసులు చూస్తే, చదువులో ఏడాది ఖాళీ ఉన్నా కారణం చూపిస్తే దరఖాస్తు పెట్టుకోనిస్తారు. తీరకుండా మిగిలిన బ్యాక్‌లాగులు ఉన్నాయా అన్న గడి దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. అంటే తండ్రి ఏ ఖాళీకి భయపడి బ్యాక్‌లాగుల దారి పట్టిస్తున్నాడో, కంపెనీ ఆ ఖాళీని క్షమించి బ్యాక్‌లాగుల్ని పట్టుకుంటుంది.

ఇంతలో సంభాషణ పక్కదారి పట్టింది. తప్పు మాస్టారిదే. రామానుజన్ పేరెత్తారు.

1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో, ఇప్పటి ఇంటర్‌లాంటి ఎఫ్.ఎ.లో చేరిన రామానుజన్, లెక్కలు తప్ప ఏదీ ముట్టుకోక స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నాడు. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వచ్చేశాడు. తిరిగి వెళ్లి కాలేజీలో చేరినా, అన్నాళ్లు లేనందువల్ల హాజరు చాలక టర్మ్ సర్టిఫికెట్ దక్కలేదు. 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరితే జబ్బు చేసి ఇంటికి రావాల్సొచ్చింది. 1907లో ప్రైవేటుగా రాసి మళ్లీ ఫెయిల్. 1916లో కేంబ్రిడ్జి ఆయన పరిశోధనకే బి.ఎ. ఇచ్చింది.

"చూశావా, హాజరు చాలనివాడే!" అని మాస్టారు మురిసిపోయారు. అక్కడితో ఆగారా అంటే లేదు. ఇంగ్లండులో ఆయనకు టీబీ అని వైద్యం చేశారనీ, 1994లో ఒక పరిశోధకుడు పాత వివరాలన్నీ తిరగేసి అది కాలేయానికి పట్టిన అమీబియాసిస్ అయి ఉండొచ్చని రాశాడనీ చెప్పుకుపోయారు.

"మా పిల్లకు టీబీ కాదంటారా ఇప్పుడు?" అని తండ్రి కంగారుపడ్డాడు. నీరు తీసి పరీక్ష చేశారుగా, అదీ ఇదీ ఒకటి కాదని సర్దిచెప్పడానికి ఒక టీ పట్టింది.

"అయినా అందరూ రామానుజన్‌లు కారు కదండీ."

"కారు. అందుకే చెబుతున్నాను. ఆ రోజుల్లో తిరిగొచ్చే దారి ఇరుకు. మేధావి కాబట్టి కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీ కంటబడి బయటపడ్డాడు. మామూలు పిల్లలకు ఇప్పుడు దారుంది. బీటెక్ పూర్తిచేయడానికి నాలుగేళ్లకు బదులు ఎనిమిదేళ్ల దాకా గడువిచ్చారు. ఎందుకిచ్చారు? జబ్బులొస్తాయని తెలిసే ఇచ్చారు."

కేంబ్రిడ్జిలో అనారోగ్యం వల్ల చదువు ఆపి, ఏడాది తర్వాత అదే చోట మొదలుపెట్టడం మామూలు వ్యవహారమని కూడా చెప్పారు. తండ్రి పినతల్లి మనవడు డల్లాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఆ ఉదాహరణ అంతకంటే బాగా పనిచేసింది. అమెరికాలో ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి జబ్బుపడితే, డాక్టరు ఉత్తరం మీద కాలేజీలోని వీసా అధికారి అనుమతితో కోర్సులు తగ్గించుకోవచ్చు, పూర్తిగా మానుకోనూ వచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల దాకా. వీసా పోదు. "వాడు కిందటేడు వెన్నుపూస ఆపరేషనప్పుడు అదే చేశాడు" అని తండ్రే పూరించాడు. అమెరికాలో జరిగింది కాబట్టి అందులో చిన్నతనమేమీ కనిపించలేదు.

అసలు 65 శాతం నియమమే తప్పు కదా అని తండ్రి ఒకసారి అడిగి చూశాడు. 2023 జనవరిలో కొచ్చిన్ విశ్వవిద్యాలయం విద్యార్థినులకు నెలసరి కారణంగా హాజరులో మరో 2 శాతం సడలింపు ఇచ్చిందనీ, ఇలాంటివి కదులుతున్నాయనీ చెప్పి మాస్టారు ఆ ప్రశ్నను దాటేశారు. దాటేయాల్సిన ప్రశ్న కాదది.

డబ్బు ప్రశ్ననూ అలాగే దాటేశారు. "మళ్లీ చదివే ఏడాదికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే?" అన్నాడు తండ్రి. కేంద్రం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు నిబంధనల్లో, జబ్బు వల్ల వార్షిక పరీక్ష రాయలేకపోయిన విద్యార్థికి మెడికల్ సర్టిఫికెట్ మీద, రాసి ఉంటే పాసయ్యేదని కాలేజీ పెద్ద ధ్రువీకరిస్తే, మరుసటేడు స్కాలర్‌షిప్పు కొనసాగించే వీలుంది. అది తన కూతురికి వర్తిస్తుందా, రాష్ట్రం పథకానికి వర్తిస్తుందా అన్నది తండ్రి తేల్చుకోవాల్సిన పని. "కాలేజీని రాతపూర్వకంగా అడుగు" అని మాస్టారు రెండు ముక్కల్లో ముగించారు. పెన్షన్ వచ్చే మనిషికి ఆ ప్రశ్న రెండు ముక్కలదే. అరువు వసూళ్ల మీద బతికే ఇంట్లో హాస్టలు, ట్యూషన్ ఫీజు మరో ఏడాది అంటే చిన్న సంగతి కాదు. తండ్రి ఇక్కడ ఇంకాస్త గట్టిగా పట్టుకోవాల్సింది. అప్పటికే ఓడిపోవడానికి సిద్ధపడి ఉన్నాడు.

"సరే మాస్టారూ. ఆపేద్దాం ఈ ఏడాదికి."

దుకాణం వెనకే ఇల్లు. ఈ మాటలన్నీ గుమ్మం దగ్గర వింటున్న అమ్మాయి బయటికొచ్చింది. ముక్కుకి చున్నీ కట్టుకుని ఉంది. ఆ అవసరం లేదని డాక్టరు చెప్పినా మానలేదు.

"తాతగారూ, జూనియర్ల సంగతి నాకు పెద్ద బాధేం కాదు. వాళ్లలో ఇద్దరు నాతోటే హాస్టల్లో ఉంటారు. మార్చికి మందులైపోతాయి. జూలై దాకా ఈ ఇంట్లో నేనేం చేస్తాను? ఇద్దరూ నాన్న పరువు సంగతే మాట్లాడుకున్నారు."

మాస్టారికి వెంటనే మాట దొరకలేదు. అరువు సంగతీ, కుంభకోణం సంగతీ చెప్పారు గానీ ఆ నెలల లెక్క వేసుకోలేదు. "ఆన్‌లైన్‌లో ఏదన్నా కోర్సు..." అని మొదలెట్టి ఆపేశారు.

"జూనియర్లకి కొత్త రెగ్యులేషన్ వచ్చిందనుకోండి, వాళ్లతో కలిపితే నాకు వేరే సబ్జెక్టులు పడతాయి. అది కూడా ఆఫీసులో అడగాలి" అంది. చేతిలో ఫోన్ చూసుకుంటూ, "ఫస్టియర్ ఎం-2 ఒకటి మిగిలిపోయింది. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. డిటెయిన్ అయినా ఫస్టియర్ సప్లీ రాయొచ్చట, మా సీనియర్ ఒకతను రాశాడు" అంది.

"ఎం-2 నేను చెబుతానే. పదకొండు తర్వాత రా, వికారం తగ్గాక."

"ఫీజుకి ఆఖరు తేదీ ఎప్పుడు?" అని తండ్రి అడిగాడు, గల్లాపెట్టె వైపు తిరుగుతూ.

"నోటిఫికేషన్ ఇంకా రాలేదు నాన్నా."