మూడడుగుల మితము

బలిచక్రవర్తి యజ్ఞవాటికకు విచ్చేసిన వామనమూర్తి, దాత ఏమి కోరినను ఇచ్చుటకు సిద్ధముగా నుండగా, తన పాదములతో కొలిచిన మూడడుగుల నేలను మాత్రమే యాచించెను. మూడడుగులతో తృప్తి చెందనివాడు ద్వీపము లభించినను తృప్తి చెందడని ఆ వటువు పలికినట్లు భాగవతము అష్టమ స్కంధమున కలదు. ఈ ఘట్టమును మనము దానమహిమకు చెప్పుకొందుము. కోరువాని ధర్మము కూడ ఇందు ఉన్నది. తనకెంత కావలెనో ముందు కొలుచుకొని, అంతే అడుగవలెను.

నెలజీతము లేక, వ్యాసములు, అనువాదములు వ్రాసి, అచ్చుప్రతులు దిద్ది జీవించువానికి ఈ ధర్మము నిత్యావసరము. జీతగానికి పనివేళను, పైకమును మరొకరు నిర్ణయింతురు. స్వతంత్ర రచయితకు ఆ రెండింటిని నిర్ణయించువాడు తానే. అరకులోయలో ఈ వృత్తి చేపట్టిన తొలి సంవత్సరమున నేను ఏ లెక్కయు వేసికొనలేదు. ఇంత సంపాదింపవలెనని గీత గీసికొనుట లోభమని తలచితిని. వచ్చిన పని నెల్ల ఒప్పుకొంటిని. చూపు మందగించిన మా అమ్మగారు ప్రతి సాయంకాలము "నాయనా, భాగవతం ఒక ఘట్టం చదివి వినిపిస్తావా?" అని అడిగెడివారు. "రేపు చదువుతానమ్మా" అనెడివాడను. కొన్నాళ్ళకు ఆమె అడుగుట మానినారు. గీత లేనందున నా లోభము తగ్గలేదు. ఏ పనికిని "చాలు" అనలేని భయము మాత్రము పెరిగినది.

దీనికి ఔషధము మన పాంచరాత్ర సంప్రదాయముననే ఉన్నది. వైష్ణవుని దినమును పెద్దలు ఐదు కాలములుగా విభజించినారు. ప్రాతఃకాలమున భగవంతుని సన్నిధి చేరుట అభిగమనము. ఆరాధనకు వలసిన ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. తరువాత ఆరాధనమగు ఇజ్య, గ్రంథపఠనమగు స్వాధ్యాయము, రాత్రి ధ్యానమగు యోగము. ఆర్జన ఇందు నిషిద్ధము కాదు. అది ఐదింటిలో ఒకటి. దానికి ముందొక హద్దు, వెనుకొక హద్దు కలవు. ఎంత సమకూర్చవలెనో తరువాత రాబోవు ఇజ్యయే నిర్ణయించును.

ఈ క్రమము ననుసరించి లెక్క వేసికొనవచ్చును. ఉదాహరణకు, ఒక కుటుంబమునకు బియ్యము, మందులు, చదువులు, కైంకర్యము అన్నియు కలిపి నెలకు 24,000 రూపాయలు కావలెననుకొందము. ఏడాదికి 2,88,000. పని దొరకని రోజులకై మూడు నెలల వ్యయము 72,000 కలిపిన 3,60,000. ఏడాదికి 240 దినములు, దినమునకు 5 గంటలు పనిచేసిన 1,200 గంటలగును. ఇందు మూడవ వంతు ఉత్తర ప్రత్యుత్తరములకు, బాకీల వసూలుకు పోవును. వ్రాతకు మిగులునవి 800 గంటలు. కనుక గంటకు 450 రూపాయలు రావలెను. రానిచో ప్రతిఫలము హెచ్చించి అడుగవలెను, లేదా వ్యయము తగ్గించవలెను. లోటును స్వాధ్యాయకాలము నుండి దొంగిలించి పూడ్చరాదు.

ఈ లోయలోని గిరిజన రైతు ఇంకొక పాఠము నేర్పినాడు. కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపు పట్టదు. పండ్లు శీతకాలమున కోతకు వచ్చును. ఆ పైకము ఏడాది పొడుగున సరిపడవలెను. అందుచే నీడకై పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగలు ప్రాకించును, తిండికి వరి, చోళ్ళు వేరుగా పండించుకొనును. రచయితయు ఒక్క ఆశ్రయమునే నమ్మరాదు. పైకము చేతికందిన నెలలో రాని నెలల వాటాను ముందే తీసి ఉంచవలెను.

అయితే వ్రాత అంతయు వెలకు లోబడునదియేనా? ఈ తూర్పుకనుమలలోనే, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఉపాధ్యాయవృత్తితో కుటుంబమును పోషించుకొనుచు, సవరలను తన యింట నుంచుకొని వారి భాష నేర్చినారు. వారి సవర వ్యాకరణ గ్రంథము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. ప్రభుత్వము ఇవ్వజూపిన పారితోషికమును స్వీకరింపక, ఆ ధనముతో సవరలకు బడులు పెట్టుమని కోరినారని ప్రసిద్ధి. గంటల లెక్కతో చూచిన ఆ శ్రమకు వెల కట్టలేము. పోషణకు వేరొక ఉపాదానము ఏర్పడియున్నందుననే ఆ పని కైంకర్యము కాగలిగినది. ఆర్జనకు హద్దు నిలిపినవానికే వెలలేని పనికి కాలము దొరకును.

లెక్క వేసికొన్న పిదప ఒక సాయంకాలము నేను అడుగకయే మా అమ్మగారి చెంత కూర్చుండి వామనచరిత్ర తెరచితిని. ఆమె ఏమియు అనలేదు, కన్నులు మూసికొని వినిరి. నాటి నుండి సంజదీపము వెలిగించు వేళకు కలము మూత పెట్టుచున్నాను. కొన్ని పనులు చేజారినవి. ఇల్లు మాత్రము గడచుచునే యున్నది. పాఠక మహాశయులు ఏ వృత్తియందున్నను, తమ మూడడుగులెంతో నేడే కొలుచుకొందురు గాక.