యంత్రం చెక్కినా చేయించేది మనమే

బొర్రా గుహల్లో నీటిచుక్కలు సున్నపురాతిని మలచిన తీరు చూసి, ‘అల్ ముసవ్విర్’ అయిన అల్లాహ్‌ను స్తుతిస్తూ బయటికి వస్తున్నాం. వెంట ఉన్న యువకుడు అడిగాడు: “హజ్రత్! మా షాపులో సి.ఎన్.సి. రౌటర్ ఉంది. ఫోటో ఇస్తే చెక్కపై ముఖం చెక్కుతుంది. చెక్కేది యంత్రమే కదా, ఈ సంపాదన హలాలేనా?”

ఫోటోలో వెలుతురున్న చోటును ఎత్తుగా ఉంచి, చీకటి ఉన్న చోటును లోతుగా తొలుస్తుందట. ఏ ముఖమో, ఎంత లోతో నిర్ణయించేది మాత్రం మనిషే. కెమెరా ఫోటో గురించి ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. చెక్కిన ముఖానికి ఆ వెసులుబాటు మాకు కనిపించలేదు.

అతను దిగులుపడ్డాడు. అప్పు చేసి కొన్న యంత్రం మరి! బొమ్మలే జీవనాధారమైన ఓ వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. బొమ్మ చేసినవాడు దానిలో ప్రాణం పోసేవరకు శిక్ష అనుభవిస్తాడని, ఎన్నటికీ పోయలేడని ప్రవక్త (స) చేసిన హెచ్చరిక వినగానే అతని ముఖం పాలిపోయింది. అప్పుడు ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లు, ప్రాణం లేని వస్తువులు చేసుకోమని దారి చూపారు.

“కాఫీ కొమ్మలు, తలుపులకు లతలు చెక్కుకో బాబూ” అన్నాం. చనిపోయిన తండ్రి ముఖం కోసం ఒకరు అప్పటికే అడ్వాన్సు ఇచ్చారట. తిరిగి ఇచ్చేయమన్నాం. ఆ కొడుకు తన తండ్రికి పంపగలిగింది దుఆ, సదఖా అని కూడా చెప్పమన్నాం.