చంద్రుడి మీద చితాభస్మం

2024 జనవరి 8న ఫ్లోరిడా నుంచి వల్కన్ రాకెట్ ఎక్కి పెరెగ్రిన్ ల్యాండర్ చంద్రుడి దారి పట్టింది. దాన్ని పిట్స్‌బర్గ్‌లోని ఆస్ట్రోబోటిక్ కంపెనీ తయారు చేసింది. అందులో నాసా పరికరాలు ఐదున్నాయి. వాటి సరసనే, డబ్బు కట్టిన కుటుంబాలు పంపిన చితాభస్మం, చిటికెడు చొప్పున. సెలెస్టిస్, ఎలీసియం స్పేస్ అనే సంస్థలు చేసే వ్యాపారమది.

అమెరికా మూలవాసులైన నవాజోల ప్రభుత్వం, నవాజో నేషన్ అధ్యక్షుడు బూ నైగ్రెన్ అంతకుముందు డిసెంబరులోనే నాసాకు ఉత్తరం రాశారు. చంద్రుడు తమకు పవిత్రం, అక్కడ మనిషి అవశేషాలు పెట్టడం అపచారం, ప్రయోగం వాయిదా వేయండని కోరారు. వేయలేదు. చంద్రుడు ఏ మతం సొత్తూ కాదన్నది సెలెస్టిస్ సమాధానం.

తెలుగువాడికి మొదట సెలెస్టిస్ మాటే సబబనిపిస్తుంది. రాజమండ్రి కోటిలింగాల రేవులో ఏ ఉదయం చూసినా కనబడే దృశ్యమే కదా. మోకాటి లోతు నీళ్లలో తడిపంచెతో కొడుకు, చేతిలో ఎర్రగుడ్డ కట్టిన ముంత. పంతులు మంత్రం పూర్తికాకముందే ముంత ఒంగుతుంది. బూడిద కాసేపు నీటి మీద తేలి, మసకబారి, కిందికి సాగిపోతుంది. కాస్త అవతల కుర్రాళ్లు తాడుకు అయస్కాంతం కట్టి చిల్లర డబ్బుల కోసం గాలిస్తుంటారు. దిగువన వల వేసేవాణ్నీ, ఆ నీళ్లు తాగేవాణ్నీ ఎవరైనా అనుమతి అడిగారా? అలాంటప్పుడు నవాజోల అభ్యంతరాన్ని ఏ ముఖం పెట్టుకుని సమర్థించాలి?

గోదావరి కలిపేసుకుంటుంది, చంద్రుడు కలుపుకోడు అనవచ్చు. అక్కడ గాలీ నీరూ లేవు, పెట్టింది పెట్టినచోటే ఉంటుంది. కానీ ఈ తేడా ఎంతోసేపు నిలవదు. అపోలో యాత్రికులు మలమూత్రాల సంచులు కూడా అక్కడే వదిలేసి వచ్చారు. వాటిని భరించిన చంద్రుడికి చిటికెడు బూడిద బరువా?

అసలు చిక్కు బూడిదలో లేదేమో. 1998లో లూనార్ ప్రాస్పెక్టర్ నౌకలో శాస్త్రవేత్త యూజీన్ షూమేకర్ అస్థికలు కొన్ని పంపినప్పుడూ నవాజోలు నొచ్చుకున్నారు. నాసా క్షమాపణ చెప్పింది, ఇకముందు ఇలాంటివి చేసేటప్పుడు సంప్రదిస్తామంది. నౌక నాసాది, తప్పు నాసాది, క్షమాపణా నాసాదే. పాతికేళ్లు తిరిగేసరికి నౌక చేతులు మారింది. ఇప్పుడు నాసా కిరాయికి లారీలో చోటు తీసుకున్న వ్యాపారి లాంటిది: నా అయిదు మూటలే నావి, మిగతా సరుకు ఎవరిదో లారీ ఓనరును అడగండి. కంపెనీ ఏం తీసుకెళ్లాలో చెప్పే అధికారం తమకు లేదని నాసా అధికారులు అన్నారు కూడా. ఆ కిరాయికి మాత్రం 10 కోట్ల డాలర్ల పైచిలుకు ప్రజాధనం పోసింది.

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణం ఈ మాట ఒప్పుకోదు. ప్రైవేటు సంస్థ చేసినా బాధ్యత దేశానిదే, అనుమతీ పర్యవేక్షణా దేశానివే అంటుంది.

మరి ఎవరి అభ్యంతరాన్ని లెక్కలోకి తీసుకోవాలి? వెన్నెల పడని ఊరు లేదు. అందరూ సరేననేదాకా ఆగితే చంద్రయాన్ కూడా శ్రీహరికోట దాటేది కాదు. కాదనే హక్కు నవాజోలకు ఇవ్వడం కుదరని పని. అయినా ఉత్తరం రాస్తే చదివి జవాబుదారీ వహించే మనిషి ఒకడుండాలి కదా. 1998లో ఉన్నాడు. పెరెగ్రిన్ ప్రయోగానికి మూడు రోజుల ముందు వైట్‌హౌస్ నవాజోలతో సమావేశమైంది, నిజమే. కానీ అప్పటికి ఎవరు ఏం మార్చగలరు?

పెరెగ్రిన్ చంద్రుణ్ని చేరనే లేదు. కవాటం ఒకటి సరిగా మూసుకోక ట్యాంకు పగిలి ఇంధనాన్ని మండించే ఆక్సిడైజరు కారిపోయింది. జనవరి 18న దక్షిణ పసిఫిక్ మీద వాతావరణంలోకి దూకి, కాలిన బూడిదతో సహా మళ్లీ కాలిపోయింది. వివాదం దానితోపాటు చల్లారింది, అంటే తీర్పు లేకుండానే. ఏడాది గడిచాక, 2025 మార్చి 2న, ఫైర్‌ఫ్లై కంపెనీ ల్యాండర్ బ్లూ ఘోస్ట్ చంద్రుడి మీద నిటారుగా, చెక్కుచెదరకుండా దిగింది. లారీలకు దారి అలవాటవుతోంది. ప్రయోగానికి ముందు సరుకును పరిశీలించే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ చూసేది జన భద్రత, ఆస్తి, దేశ రక్షణ, విదేశాంగ విధానం, అంతర్జాతీయ బాధ్యతలు. నైగ్రెన్ ఉత్తరం లాంటిది ఇంకొకటి వస్తే ఇందులో ఏ ఖానాలో రాయాలో తెలియదు.