పుట్టినూరి రుచి - పురుషోత్తముని ప్రసాదము

ప్రతి గ్రామమునకు ఒక దైవమున్నట్లే ప్రతి గ్రామమునకు ఒక రుచియు కలదు. ఆత్రేయపురమనగానే పూతరేకులు, బందరనగానే లడ్డు, తాపేశ్వరమనగానే కాజా, మాడుగుల యనగానే హల్వా, ఓరుగల్లు సీమ యనగానే సకినాలు, రాయలసీమ యనగానే రాగిసంకటి మనస్సునకు తోచును. తిరుమల యాత్రలో స్వామి దర్శనమునకై బారులు తీరి నిలుచున్న భక్తులు ఒకరినొకరు మొదట అడుగుకొను ప్రశ్న "మీది ఏ ఊరండీ?" అని. ఆ ఊరి పేరు వినబడినంతనే రెండవ మాటగా అచటి తినుబండారము పేరు వచ్చును. ఊరు విడిచి ఏబదియేండ్లయినను, వేలకొలది మైళ్ల దూరమున స్థిరపడినను, పుట్టినూరి రుచి నాలుకను విడువదు.

ఈ మమకారము గుణమా? దోషమా? దీనిని భక్తుడు పెంచుకొనవలెనా, త్రుంచుకొనవలెనా? ఇది ప్రతిదినము విస్తరి ముందు కూర్చున్నపుడెల్ల ఎదురగు ప్రశ్న గనుక చిన్నదని త్రోసివేయరాదు.

దోషమే యనువారికి శాస్త్రబలము లేకపోలేదు. శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత తన గురువులను పేర్కొనుచు మత్స్యమును గూడ ఒక గురువుగా చెప్పినాడు. ఎరలోని రుచికి ఆశపడి గాలమును మ్రింగి చేప ప్రాణమును కోల్పోవుచున్నది. ఇంద్రియములన్నింటిని జయించినను జిహ్వను జయింపని వాడు జితేంద్రియుడు కాజాలడని అచటి తాత్పర్యము. ఉపవాసముచే తక్కిన ఇంద్రియములు లొంగును. నాలుక మాత్రము మరింత చెలరేగును. కావున "మా ఊరి వంట లేనిదే ముద్ద దిగదు" అనువాడు గాలమును మ్రింగిన చేపవంటివాడే యని వారి వాదము.

ఈ వాదము కొంతవరకు సత్యమే. కాని ఇదియే పూర్ణసత్యమైనచో దేవాలయములలో మనము కన్నులారా చూచుచున్నదానికి సమాధానము చెప్పవలసియుండును. సర్వలోకేశ్వరుడు అర్చామూర్తియై ఏ క్షేత్రమున వెలసిన ఆ క్షేత్రపు రుచినే ఆరగించుచున్నాడు. కాంచీపురమున వరదరాజస్వామికి మిరియము, శొంఠి, జీలకర్ర చేర్చి వెదురుబుట్టలో ఆవిరిపై ఉడికించిన ఇడ్లీ నైవేద్యము. మధుర చెంతనున్న అళగర్ కోవెలలో దోసె. మంగళగిరిలో పానకాల నరసింహస్వామికి బెల్లపు పానకము. అన్నవరమున సత్యదేవునికి గోధుమనూక, బెల్లము, నేయి కలిపి వండిన ప్రసాదము. పురుషోత్తమ క్షేత్రమైన పూరీలో మట్టికుండలను ఒకదానిపై నొకటి పేర్చి కట్టెలపొయ్యిపై వండిన మహాప్రసాదము. తిరుమలలో లడ్డు. ఆ లడ్డు పేరును ఇతరులు వాడుకొనకుండ 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. బందరు లడ్డుకు 2017లోను, ఆత్రేయపురపు పూతరేకునకు 2023లోను అట్టి గుర్తింపే వచ్చినది. చట్టము పేరును రక్షించును. తినువాని మనస్సును రక్షించుట మాత్రము చట్టమునకు సాధ్యము కాదు.

అమృతము కరువైన వాడా స్వామి? కాడు. అయినను ఆయా ఊరివారు తమ పొలమున పండినదానిని, తమ పొయ్యిపై వండినదానిని తెచ్చి ముందుంచగా స్వీకరించుచున్నాడు. ఇదియే పెద్దలు చెప్పు సౌలభ్యము. కుచేలుని ఇల్లాలు ఇరుగుపొరుగుల నడిగి తెచ్చి గుడ్డలో మూటగట్టిన అటుకులను ద్వారకాధీశుడు తానే లాగికొని భుజించినాడు. తిరుమలలో కులశేఖరపడి దాటి స్వామి సన్నిధికి పోవు నైవేద్యము క్రొత్త మట్టి ఓడులోని పెరుగన్నమే గాని బంగారు పళ్లెములోని భక్ష్యము కాదు.

ఇక గోదాదేవి చరితమును స్మరింతము. ఆమె తిరుమాలిరుంజోలై స్వామికి నూరు గంగాళముల వెన్నయు, నూరు గంగాళముల అక్కారవడిశలును సమర్పింతునని నాచ్చియార్ తిరుమొళిలో మ్రొక్కుకొన్నది. అక్కారవడిశల్ అనగా పాలు, బియ్యము, బెల్లము, నేయి చేర్చిన తియ్యని పొంగలి. ఆ సీమవారి ఇంటి వంట. తరువాతి కాలమున భగవద్రామానుజులు ఆ మ్రొక్కును తాము చెల్లించి శ్రీవిల్లిపుత్తూరునకు రాగా అమ్మవారు "అన్నా!" యని పిలిచినదని సంప్రదాయము. తన ఊరి తీపిని గోద మరువలేదు. దానిని తనకై కోరను లేదు.

అట్లయినచో దోషము ఎచట నున్నది? ఈ విషయమున శ్రీభాష్యమే దారి చూపుచున్నది. భక్తికి సాధనములైన ఏడింటిలో మొదటిది వివేకము. ఆహారమును జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము లేకుండ చూచుకొనుటయే ఆ వివేకము. ఆ వస్తువు స్వభావముచేతనే విడువదగినదైన అది జాతిదోషము. ఎవనిదో, ఎట్టివానిదో యను కారణమున వచ్చునది ఆశ్రయదోషము. ఎంగిలి, వెంట్రుక మొదలగువాని చేరికచే కలుగునది నిమిత్తదోషము. ఈ మూడింటిలో "ఇది మా ఊరి వంట కాదు" అను దోషము కానరాదు. పొరుగూరి పులుసు పొరుగూరిదగుటచేత అశుద్ధము కాదు. మన ఊరి పచ్చడి మన ఊరిదగుటచేత పవిత్రమును కాదు. గీతలో మిక్కిలి కారము, మిక్కిలి పులుపు, మిక్కిలి ఉప్పు గలవి రాజసములని చెప్పబడినవి. ఆ "అతి" శబ్దమును కారము, పులుపు మున్నగు వాని కన్నింటికిని అన్వయించుకొనవలెనని శంకరులు వ్రాసిరి. పులుపు నిషిద్ధమైన పులిహోర స్వామి సన్నిధికి చేరునా?

పుట్టినూరి రుచిని గూర్చిన గర్వము నిలువదనుటకు మిరపకాయ యొక్కటి చాలును. తెలుగువారి వంటకు ప్రాణమని చెప్పుకొను ఈ మిరప అమెరికా ఖండమున పుట్టినది. 1498లో పోర్చుగీసువారు సముద్రమార్గమున ఈ దేశమునకు వచ్చిన తరువాత గాని ఇది మనవారి కంటబడలేదు. అంతకు పూర్వము మన పూర్వులకు కారమనగా మిరియమే, శొంఠియే. పూరీ ఆలయపు పాకశాలలో బంగాళాదుంప, టమాటాలు నేటికిని ప్రవేశింపలేదు. "తాతముత్తాతల నాటి రుచి" యని మనము వాదులాడునది ఒకనాడు గుమ్మము వద్దకు వచ్చిన అతిథియే. అతిథిని ఆదరించిన పూర్వుల సంతతి పొరుగువాని విస్తరిని చూచి ముఖము చిట్లించుట తగునా?

లోకమున తరచు కానవచ్చునట్టి యొక గృహస్థుని కథ ఇచట ఉదాహరింపదగియున్నది. కోనసీమలో జీవితమంతయు గడపిన యొక వృద్ధుడు భార్య పరమపదించిన పిమ్మట హైదరాబాదునందలి కుమారుని ఇంట చేరినాడు. కోడలిది ఓరుగల్లు ప్రాంతము. ఆమె వండిన పచ్చిపులుసు ఆయనకు రుచింపలేదు. సర్వపిండిని చేతితో తాకలేదు. ఆమె అడిగి తెలిసికొని, పనసపొట్టు కొట్టించి తెచ్చి, ఆవపెట్టి కూర వండినది. మామగారు ఒక ముద్ద నోటనుంచుకొని, "ఇది మా ఊరి కూర కాదమ్మా" అని విస్తరి ముందుకు జరిపినాడు. ఆ పూట ఆమె అన్నము తినలేదు. ఇంటిలో ఎవ్వరును ఆ సంగతి గమనింపలేదు, మనుమడు తప్ప.

ధనుర్మాసము వచ్చినది. కూడారై నాటి వేకువను ఆమె తలస్నానము చేసి అక్కారవడిశల్ వండి, స్వామికి ఆరగింపు చేసి, మామగారికి పెట్టినది. ఆయన రెండు చేతులు చాచి కన్నుల కద్దుకొని భుజించినాడు. బెల్లము ఎక్కువయ్యెనో, నేయి తక్కువయ్యెనో ఒక్క మాటయు అనలేదు. అది చూచి మనుమడు, "తాతగారూ, మొన్నటి కూరకు వంక పెట్టారు. ఈరోజు పొంగలికి పెట్టలేదేం? రెండూ వండింది అమ్మే కదా!" అన్నాడు.

వృద్ధునికి సమాధానము దొరకలేదు. ఆనాడంతయు ఆలోచించి, సాయంకాలము కోడలిని పిలిచి, "అమ్మా, నేను వెదకినది పనసపొట్టు కూరను కాదు, దానిని ముప్పదియేండ్లు వండిపెట్టిన చేతిని. అది ఇక దొరకదు. దానికై నీ చేతిని అవమానించినాను" అన్నాడు. సంక్రాంతికి ఆమె పుట్టింటి నుండి వచ్చిన సకినాలను ఆయనయే అడిగి పెట్టించుకొనెను. పళ్లు లేనందున తునకలు పాలలో నానవేసికొని తినవలసివచ్చినది. కోనసీమ కూర రుచి మరల ఆ ఇంట కుదరలేదు. ఆయన దానిని మరల అడుగనులేదు.

ఈ కథలోని మర్మము సుస్పష్టము. మనము పుట్టినూరి రుచి యని పలవరించునది చాలవరకు మనలను పోషించిన వారి స్మృతి. తల్లి, అవ్వ, ఇల్లాలు ఆ రుచిలో దాగియున్నారు. కావున ఆ ప్రేమ దోషము కాదు, అది కృతజ్ఞత. కాని నిన్న పెట్టినవారియందలి కృతజ్ఞత నేడు పెట్టుచున్నవారియెడ కృతఘ్నతగా మారినప్పుడు అదే దోషమగుచున్నది. చేపను చంపునది ఎర కాదు. ఎరలో దాగిన గాలము. రుచిలో దాగిన గాలము "నాది" యను అభిమానమే.

ఆ గాలమును తొలగించు ఉపాయమును పెద్దలు సులభముగా ఏర్పరచిరి. అదియే నివేదనము. స్వామి ముందుంచినంతనే వంటకము వండినవారిదియు కాదు, ఊరిదియు కాదు, ఆయనది. ఆయన యుచ్ఛిష్టమునకు వంక పెట్టు నాలుక ఎచటను లేదు. ఆలయమున ఇడ్లీకిని, దోసెకును, పానకమునకును సమానముగా చేయి చాచు భక్తుడు ఇంటిలో మాత్రము ఊర్ల వారీగా విస్తరులను విభజించుట ఏమి న్యాయము? తన ఊరి వంటకమును వండించుకొనవచ్చును. కాని ముందుగా స్వామికి, తరువాత దానిని ఎన్నడును ఎరుగనివారికి పెట్టి, తాను చివర తినవలెను. అపుడు జిహ్వాచాపల్యము ఆతిథ్యముగా మారును.

నమ్మాళ్వారులకు తిను అన్నము, త్రాగు నీరు, నమలు తాంబూలము సర్వము కృష్ణుడే. అట్టి స్థితి అందరికి ఒక్కనాడు అలవడదు. నేటి భోజనమున ముందున్న ముద్దను వండిన చేతిని తలచుకొనుట మాత్రము అందరికి సాధ్యమే. అన్ని ఊర్ల అన్నమును ఆరగించు శ్రీనివాసుడు మన గృహములందలి విస్తరులను ప్రసాదములుగా అనుగ్రహించుగాక!