ఐక్యతకు ఎడంగా నిలిచిన నంద్యాల

ప్రపంచ క్రైస్తవ సంఘాల ఐక్యతా చరిత్రలో 1947 సెప్టెంబరు 27కు ప్రత్యేక స్థానం ఉంది. ఆనాడు మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్ల నాలుగు డయోసీసులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి, దక్షిణాది మెథడిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డారు. బిషపుల పాలన ఉన్న సంఘం, అది లేని సంఘాలు ఇలా ఒకటి కావడం సంస్కరణోద్యమం తర్వాత అదే మొదలు. ఆ ప్రయత్నాన్ని ముందుండి నడిపినవారు దోర్నకల్ బిషపు వి.ఎస్. అజరయ్య. ఆ ఐక్యతను కాదన్న ప్రాంతం కూడా ఆయన డయోసీసులోనిదే: అప్పటి కర్నూలు జిల్లాలోని నంద్యాల.

ఈ చీలిక వేర్లు 19వ శతాబ్దంలో ఉన్నాయి. 1822లో బళ్లారి వైపు నుంచి కాంగ్రిగేషనలిస్టుల లండన్ మిషను కడపకు వచ్చింది. తరువాతి కాలంలో జమ్మలమడుగు దాని ముఖ్య స్థావరాల్లో ఒకటైంది. 1840వ దశకంలో కడపలో పనిచేస్తున్న విలియం హోవెల్ ఆ మిషను విడిచి ఆంగ్లికన్లలో చేరారు. కొన్ని పల్లెల విశ్వాసులూ ఆయన వెంట వెళ్లారు. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాలల్లో విస్తరించిన ఆంగ్లికన్ల ఎస్.పి.జి. మిషనుకు అది నాంది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు దిగారు. ఒకరి పొలిమేరలోకి మరొకరు రాకూడదని మిషన్లు తమలో తాము హద్దులు గీసుకున్నాయి. దాంతో ఏ ఊరివాళ్లు ఏ సంఘానికి చెందాలన్నది చాలావరకు ఆ హద్దులే తేల్చాయి. పల్లె రైతుకూలీ ఆంగ్లికనిజానికీ కాంగ్రిగేషనలిజానికీ మధ్య తేడా తెలిసి ఎంచుకున్నది కాదు. దీనికి కులం తోడైంది. లండన్ మిషను, ఎస్.పి.జి. సంఘాల్లో మాలలు ఎక్కువ. బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. సిద్ధాంత భేదాల గురించి రాసినంతగా ఈ సంగతి గురించి ఐక్యతా గ్రంథాల్లో రాయరు.

ఇలా విడివడిన సంఘాలను కలిపే ఆలోచనతో 1919 మేలో తరంగంబాడిలో ముప్పైముగ్గురు పాదిరీలు సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఇంగ్లండులోనో స్కాట్లండులోనో పుట్టిన తగాదాలను తాము ఎందుకు మోయాలన్నది వారి ప్రశ్న. బైబిలు, రెండు విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మం, ప్రభు భోజనం, చారిత్రక బిషపు పదవి: ఈ పునాది మీద చర్చలు మొదలై ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు, ఫలితం చూడలేదు.

అసలు చిక్కు బిషపు పదవి దగ్గరే వచ్చింది. బిషపు హస్తనిక్షేపణ లేకుండా అభిషేకం పొందిన పాస్టరు ఇచ్చే సంస్కారం చెల్లుతుందా? ఒప్పందం మధ్యేమార్గం పట్టింది. అప్పటికే ఉన్న పాస్టర్లందరూ యథాతథంగా కొనసాగుతారు. ఇక ముందు అభిషేకాలన్నీ బిషపుల చేతుల మీదుగానే జరుగుతాయి. మనస్సాక్షి ఒప్పని సంఘం మీద ఏ పాస్టరునూ రుద్దరు. ముప్పై ఏళ్ల తర్వాత ఈ ఏర్పాటును పునఃపరిశీలిస్తారు.

నంద్యాలలో వేలమంది దీన్ని అంగీకరించలేదు. అక్కడి మిషనరీలలో బిషపు పరంపరకు, సంస్కారాలకు గట్టి ప్రాధాన్యమిచ్చే ధోరణి బలంగా ఉండేది. ఉపదేశుల జీతాలు, బడుల ఖర్చు లండనులోని ఎస్.పి.జి. నుంచి వచ్చేవి. ఆంగ్లికన్ సంఘాల కోసం ఏర్పడిన ఆ సంస్థకు ఐక్య సంఘానికి నేరుగా డబ్బివ్వడం ఇబ్బందే. విడిగా నిధి పెట్టాల్సి వచ్చింది. కాబట్టి నంద్యాల మొండితనాన్ని దైవశాస్త్రానికే అంటగట్టడం సరికాదు. ఆ సంఘాలు కలకత్తా మెట్రోపాలిటన్ ఏలుబడిలో ఉండిపోయాయి. 1953 నుంచి దశాబ్దంపాటు సహాయక బిషపు విలియం పార్ట్‌రిడ్జ్ వారి బాగోగులు చూశారు.

పక్కనే కడపలో కథ వేరుగా నడిచింది. కడప, అనంతపురం-కర్నూలు డయోసీసులు 1950లో రాయలసీమ డయోసీసుగా కలిశాయి. దాని బిషపు హెచ్. సుమిత్ర 1954 నుంచి 1962 దాకా సి.ఎస్.ఐ. మాడరేటరుగా ఉన్నారు. అంటే మొత్తం ఐక్య సంఘానికి పెద్ద ఈ సీమలోనే ఉండగా, పొరుగునే నంద్యాల విడిగా ఉంది.

1970లో పరిస్థితి తిరగబడింది. నంద్యాల అంటిపెట్టుకున్న ఆంగ్లికన్ సంఘమే ఆ ఏడు నవంబరు 29న నాగపూరులో ఉత్తర భారత సంఘంలో (సి.ఎన్.ఐ.) కలిసిపోయింది. అక్కడ ఐక్యతకు పట్టిన దారి వేరు: అన్ని సంఘాల పాస్టర్ల మీదా ఆరంభంలోనే హస్తనిక్షేపణ చేసి, ఒకే సేవకవర్గంగా గుర్తించారు. ఐక్యతకు దూరంగా ఉండడానికి నంద్యాలకు ఇక చోటు లేకుండా పోయింది. అదే దశకంలో అది సి.ఎస్.ఐ.లో చేరింది, అయితే రాయలసీమలో కలిసిపోలేదు, నంద్యాల డయోసీసుగానే చేరింది.

ఈ ఐక్యత అందరినీ చేర్చుకోలేదు. ఎదిగిన విశ్వాసులను నీటిలో ముంచి ఇచ్చేదే బాప్తిస్మమని నమ్మే కర్నూలు బాప్టిస్టులు బయటే ఉన్నారు. కథోలికులకు 1967లో కర్నూలు, 1976లో కడప మేత్రాసనాలు ఏర్పడ్డాయి; క్రైస్తవ ఐక్యతపై 1964లో రెండో వాటికన్ మహాసభ ఇచ్చిన డిక్రీ తర్వాత వారి వైపు నుంచి సంభాషణకు తలుపు తెరుచుకుంది. పాస్టర్ల శిక్షణలో మాత్రం లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. వారు 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలను కలిసి పెట్టుకున్నారు. అది తర్వాత హైదరాబాదుకు మారింది. పాటల్లో అయితే కలయిక అంతకు చాలా ముందే జరిగింది. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు సంఘభేదం లేకుండా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి అందరూ పాడుకుంటున్నారు.